క్యామ్ అరిగిందంటే ముందు ఆయిల్ చూడండి
(చిత్తూరులో ఐటిఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బల్ల మీదున్న ఈ క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజన్ వాల్వ్‌లను తెరిపించే కడ్డీ, ఇక్కడికి దగ్గర్లోనే ఒక బెల్లం గానుగ తిప్పిన ఆయిల్ ఇంజన్‌ది. నా పొరపాటు వల్లే పాడైంది. అందుకే దీన్ని పారేయకుండా దాచుకున్నాను.

ఆ ఇంజన్ నిమిషానికి 650 చుట్లు తిరిగే నెమ్మది రకం. ఫోర్‌స్ట్రోక్‌లో క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ప్రధాన షాఫ్ట్, రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అంటే క్యామ్ మీద ఉబ్బెత్తుగా ఉన్న ఈ ముక్కు నిమిషానికి 325 సార్లు టాపెట్‌ను, అంటే వాల్వ్‌కు కదలికను అందించే ముక్కను, పైకి తోయాలి. పది గంటలు గానుగ ఆడితే 1,95,000 సార్లు. వాల్వ్ స్ప్రింగ్ ఒత్తిడంతా సన్నటి గీతంత చోట పడుతుంది. రెండు ఇనుముల మధ్య అడ్డు ఆయిల్ పొర ఒక్కటే.

రైతు వచ్చి, "అన్నా, ఇంజన్ లాగడం లేదు, నల్లపొగ వస్తా ఉంది" అన్నాడు. టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వ్ మూసి ఉన్నప్పుడు వదలాల్సిన సన్నటి సందు, సరిచేసి పంపాను. వారానికే మళ్ళీ వదులైంది. లాక్‌నట్ బిగువుగానే ఉన్నా క్లియరెన్స్ పదేపదే పెరుగుతోందంటే క్యామ్‌ను, టాపెట్ అడుగును అనుమానించాలి. విప్పి చూస్తే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ ముక్కు గుండ్రంగా అరిగిపోయి ఉంది. సిలిండర్‌లో మిగిలిన ప్రెషర్‌కు ఎదురొడ్డి వాల్వ్ తెరవాలి కాబట్టి దాని మీదే భారం ఎక్కువ.

కొత్త క్యామ్ వేశాను. టాపెట్లు పైకి బాగానే కనిపించాయి, రైతుకు ఖర్చు తగ్గుతుందని పాతవే పెట్టాను. ఆ సీజన్ అయ్యేలోపే కొత్తదీ పోయింది. కోసిన చెరకు గానుగ దగ్గర ఎండిపోతుంటే ఆ మనిషి ముఖం చూడలేకపోయాను.

పాత టాపెట్ అడుగు పాత క్యామ్‌కు తగ్గట్టు అరిగి ఉంటుంది. కొత్త ముక్కు దాని మీద సరిగా కూర్చోదు. ముక్కుకు పైన గట్టిదనం ఇచ్చింది పలుచని పొరే, అది తెగితే లోపలి మెత్తటి లోహం త్వరగా అరిగిపోతుంది. ఇంకో తప్పు కూడా చేశాను. మొదటిది ఎందుకు అరిగిందో వెతకలేదు. రెండోసారి చూస్తే సంప్‌లో, అంటే ఇంజన్ అడుగునున్న ఆయిల్ తొట్టిలో, ఆయిల్ మట్టం బాగా తక్కువుంది, కనెక్టింగ్ రాడ్ కిందుండే చెంచా ఆయిల్‌ను అందుకోవడం లేదు. అది చిమ్మకపోతే క్యామ్‌కు తడే లేదు. మొదటిసారి ఆయిల్ దించినప్పుడే అందులో అయస్కాంతం పెట్టి ఉంటే ఇనుప రజను అంటుకునేది.

క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే టైమింగ్ గేర్ గురించి ఒక్క మాట. క్యామ్ గేర్‌కు 40 పళ్ళుంటే, ఒక్క పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కన 18 డిగ్రీలు తేడా వస్తుంది. ఇంజన్ స్టార్ట్ కాకపోవచ్చు, వాల్వ్ పిస్టన్‌కు తగలనూ వచ్చు. గేర్లను సరిగ్గా కలపడానికి వాటి మీదుండే గుర్తు చుక్కలు కనబడకపోతే విప్పకముందే మీరే పంచ్‌తో పెట్టుకోండి. పళ్ళు అరిగితే జత మొత్తం మార్చండి.

అరిగిన ముక్కుకు వెల్డింగ్ నింపి సాన పట్టించమని కొందరంటారు. సరైన యంత్రాలు లేని చోట ఆ పని చేయించకండి. వేడికి షాఫ్ట్ వంగుతుంది, గట్టిదనమూ పోతుంది.

ఇప్పుడు దీన్ని మీకిస్తున్నాను, ఒకరి తర్వాత ఒకరు పట్టుకోండి. ముందు గాలి లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ ముక్కు మీద, తర్వాత దాని పక్కన ఎగ్జాస్ట్ ముక్కు మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి.