స్టాంపు బొమ్మకు సరైన సాఫ్ట్‌వేర్

శ్రోతలకు నమస్కారం.

స్టాంపులు పోగుచేసేవాళ్ళ బల్ల మీద పటకారు, భూతద్దం, అంచు రంధ్రాలను కొలిచే పెర్ఫొరేషన్ గేజ్ ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు వాటి పక్కన కంప్యూటరు కూడా చేరింది. మన దగ్గరున్న స్టాంపుల జాబితా తయారుచేసుకోవాలన్నా, డూప్లికేట్లు ఇచ్చిపుచ్చుకోవాలన్నా, ఎగ్జిబిషన్ ఫ్రేములోకి పేజీలు దిద్దుకోవాలన్నా ముందు బొమ్మ కావాలి. ఆ బొమ్మను కత్తిరించి సైజు మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో ఇవాళ చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, అంకెలు వస్తాయి.

పెళ్ళి ఫోటోలకు బాగా పనికొచ్చే సాఫ్ట్‌వేర్ స్టాంపులకు చెరుపు చేయవచ్చు. పెళ్ళి ఫోటోలో మొహం కాస్త తెల్లబడితే అందరికీ సంతోషమే. స్టాంపు రంగు కాస్త మారిందంటే అది వేరే స్టాంపు అయిపోతుంది. 1871లో వచ్చిన నిజాం అర్ధణా స్టాంపునే తీసుకోండి. ఒకే డిజైను గోధుమరంగులో, నారింజ కలిసిన గోధుమరంగులో, ఇటుక ఎరుపులో కనిపిస్తుంది. ఛాయను బట్టే కలెక్టర్లు వాటిని వేరుచేస్తారు. ‘ఆటో ఎన్‌హాన్స్’ మీట ఒక్కటి నొక్కితే ఆ తేడాలన్నీ చెరిగిపోతాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు మొదటి పరీక్ష ఇదే: మనం అడగకుండా రంగు జోలికి పోకూడదు. ఫోన్లలో తెరవగానే బొమ్మకు మెరుగులు దిద్దే యాప్‌లు ఈ పరీక్షలోనే తప్పుతాయి.

స్కాన్ సరిగా లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే ముందు రెండు మాటలు దాని గురించి. స్టాంపు వెనక నల్ల కాగితం పెట్టండి. స్కానర్ మూత తెల్లగా ఉంటుంది, స్టాంపు అంచూ తెల్లగానే ఉంటుంది, రంధ్రాల మధ్య మిగిలే అంచు పళ్ళు అందులో కలిసిపోతాయి. స్కానర్ తెరలో ఆటో ఎక్స్‌పోజర్ (వెలుగును తనే సర్దేది), షార్పెన్ (అంచులకు పదును పెట్టేది), డీస్క్రీన్ (అచ్చు చుక్కలను మసకబరిచేది) అన్నవి మూడూ ఆపేయండి. ఆటో ఎక్స్‌పోజర్ అద్దం మీద ఉన్నవాటన్నిటినీ కలిపి లెక్క వేస్తుంది. అందువల్ల ఒకే స్టాంపు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రంగులో, పది ముదురు స్టాంపుల మధ్య ఇంకో రంగులో వస్తుంది. పల్చగా ఉండే సీఐఎస్ రకం స్కానర్లకు ఇంకో బలహీనత ఉంది. అద్దానికి అంటుకున్నది మాత్రమే వాటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఆల్బమ్ పేజీని మౌంట్లతో, అంటే స్టాంపులను పట్టి ఉంచే తొడుగులతో సహా బోర్లిస్తే బొమ్మ మసకబారుతుంది. స్టాంపును పటకారుతో తీసి నేరుగా అద్దం మీదే పెట్టాలి.

ఇక అంకెలు. మన దేశపు స్మారక స్టాంపుల్లో తరచుగా కనిపించే సైజు 3.91 సెంటీమీటర్లు బై 2.90 సెంటీమీటర్లు. దీన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే దాదాపు 924 బై 685 పిక్సెళ్ళు వస్తాయి. దాచుకునే అసలు ప్రతికి ఇది చాలు. ముద్రణలో లోపాలు, దిద్దుబాట్లు వెతికేవాళ్ళు 1200 పెట్టుకోండి. ఏ4 అద్దం మొత్తాన్ని 600లో స్కాన్ చేస్తే, కుదించని ఫైలు 100 మెగాబైట్లు దాటుతుంది. అందుకే స్టాంపులున్న మేరకే గీత గీసి స్కాన్ చేయండి. పెట్టె మీద 9600 అని గొప్పగా రాసి ఉన్నా నమ్మకండి. అందులో అసలు ఆప్టికల్ సంఖ్య ఎంతో చూడండి, మిగతావి ఊహించి నింపిన చుక్కలు.

చూపించడానికి ఎంత చిన్నది చేయవచ్చు? దీనికి పళ్ళే కొలత. 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయో అదే పెర్ఫొరేషన్ సంఖ్య. 600 డీపీఐలో ఆ 2 సెంటీమీటర్లు 472 పిక్సెళ్ళు, కాబట్టి 13 గేజ్ స్టాంపులో ఒక్కో పన్నుకు 36 పిక్సెళ్ళ చోటు ఉంటుంది. బొమ్మను 300 పిక్సెళ్ళ వెడల్పుకు దించితే ఆ చోటు 12కు తగ్గుతుంది, పళ్ళు ఇంకా శుభ్రంగానే కనిపిస్తాయి. 100 పిక్సెళ్ళకు దించితే 4 మిగులుతాయి. అప్పుడు అంచు రంపంలా కాదు, నలిగిన గుడ్డలా కనిపిస్తుంది. జాబితాలో పక్కన పెట్టే చిన్న బొమ్మకు అది సరిపోతుంది, ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎదుటివాళ్ళకు చూపించడానికి మాత్రం సరిపోదు. వాళ్ళకు కనీసం 800 పిక్సెళ్ళ వెడల్పున్నది పంపండి.

బొమ్మను తగ్గించే పద్ధతి కూడా ముఖ్యం. 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీజీ స్టాంపులు స్విట్జర్లాండులోని కూర్వాజియే సంస్థలో ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో ముద్రించినవి. భూతద్దంతో చూస్తే బొమ్మంతా వరుసగా పేర్చిన సన్నటి గళ్ళు కనిపిస్తాయి. మధ్యమధ్య పిక్సెళ్ళను తీసేస్తూ తగ్గించే నాసిరకం పద్ధతి వాడితే, ఈ గళ్ళకూ పిక్సెళ్ళకూ పొంతన కుదరక ముఖం మీద అలలు పుడతాయి. దీన్ని మోయిరే అంటారు. చుట్టుపక్కల పిక్సెళ్ళను కలిపి లెక్కవేసి తగ్గించే లాంచోస్ లేదా బైక్యూబిక్ అన్న ఎంపిక సాఫ్ట్‌వేర్‌లో ఉందా అన్నది రెండో పరీక్ష.

సాఫ్ట్‌వేర్లలోకి వద్దాం. విండోస్ వాడేవాళ్ళకు నా మొదటి సలహా ఇర్ఫాన్‌వ్యూ. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, తేలిక, పాత కంప్యూటర్లో కూడా చప్పున తెరుచుకుంటుంది. లైనక్స్, మ్యాక్ ఉన్నవాళ్ళకు ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ అదే పని చేస్తుంది. గింప్ ఇంకాస్త బరువైనది, మూడింటిలోనూ నడుస్తుంది, పూర్తిగా ఉచితం. ఇర్ఫాన్‌వ్యూ, గింప్ రెండూ 1996లోనే బయటికొచ్చాయి, ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. వందల స్టాంపుల సైజు మార్చడానికి మొదటిది, ఒక్క స్టాంపుతో గంటసేపు కూర్చోవడానికి గింప్. ఇంత పనికి డబ్బు పెట్టి ఫోటోషాప్ కొనక్కరలేదు. ఇప్పటికే ఉన్నవాళ్ళు హాయిగా వాడుకోవచ్చు.

ఇర్ఫాన్‌వ్యూలో పని వరుస ఇది. మొదట వంకర తీయండి. కంట్రోల్, యు నొక్కితే కోణాన్ని డిగ్రీలో పదో వంతుల్లో కూడా ఇవ్వవచ్చు. మూలల్లో నింపే రంగు నలుపు పెట్టండి. తిప్పడం ఒకే ఒక్కసారి జరగాలి, ఎందుకంటే తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్ళు కొంచెం కొంచెం మెత్తబడతాయి. రెండోది కత్తిరింపు. మౌస్‌తో గీత గీసి కంట్రోల్, వై. పళ్ళ బయట నాలుగు వైపులా 15 నుంచి 20 పిక్సెళ్ళ నలుపు వదలండి. పళ్ళ చివర్లకు ఆనించి కోస్తే చూసేవాళ్ళకు స్టాంపు అంచు దెబ్బతిన్నదేమో అన్న అనుమానం వస్తుంది. మూడోది కంట్రోల్, ఆర్ నొక్కి సైజు మార్చడం. అక్కడ ‘రీశాంపిల్’ ఎంచుకుని లాంచోస్ పెట్టండి, పొడవు వెడల్పుల నిష్పత్తి కదలకుండా గడి టిక్ చేసి ఉందో లేదో చూడండి. షార్పెన్ కావాలనుకుంటే అన్నిటికన్నా చివర, అదీ చిటికెడు. ముందే చేస్తే తగ్గించేటప్పుడు గీతల పక్కన తెల్లటి చారలు మిగులుతాయి.

దాచుకునే ప్రతిని టిఫ్‌గానో పీఎన్‌జీగానో ఉంచండి. జేపెగ్ బొమ్మను 8 బై 8 పిక్సెళ్ళ ముక్కలుగా చేసి కుదిస్తుంది. తెరిచి, దిద్ది, మళ్ళీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అది ముందుగా కనపడేది పోస్టు ముద్ర అక్షరాల చుట్టూనే. పంపే కాపీని జేపెగ్ 90 నాణ్యతలో పెడితే చాలు.

ముద్రంటే గుర్తొచ్చింది. ఎర్ర స్టాంపు మీద నల్ల ముద్రలో ఊరి పేరు చదవలేకపోతే ఇర్ఫాన్‌వ్యూ ఇమేజ్ మెనూలో ‘షో ఛానెల్’ కింద ఎరుపు ఎంచుకోండి. స్టాంపు రంగు వెలిసిపోయినట్టు తెల్లబడుతుంది, ముద్ర ఒక్కటే నల్లగా పైకి తేలుతుంది. గింప్‌లో డీకంపోజ్ కూడా ఇదే చేస్తుంది. బొమ్మను పెద్దది చేసి చూపిస్తామనే ఏఐ అప్‌స్కేలర్లను మాత్రం ఈ పనికి దగ్గరికి రానివ్వకండి. కనిపించని అక్షరాన్ని అవి తమకు తోచినట్టు గీసేస్తాయి. లేని ఊరి ముద్ర ఒకటి మీ ఆల్బమ్‌లో పుడుతుంది.

చాలామందిని తికమక పెట్టేది డీపీఐ. ఫైల్లో ఆ అంకె మార్చితే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, తరగదు. కాగితం మీద ఎంత చోటులో అచ్చవ్వాలో చెప్పే చీటీ మాత్రమే అది. 924 పిక్సెళ్ళ బొమ్మకు 600 అని చీటీ ఉంటే 3.91 సెంటీమీటర్లలో వస్తుంది. చీటీ ఊడిపోయి 96గా లెక్కకొస్తే 24 సెంటీమీటర్లు దాటి, పేజీ నిండా స్టాంపే అవుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, ఈ చీటీ కూడా పోవచ్చు. డాక్యుమెంటుగా పంపండి. ఆల్బమ్ పేజీలో ఖాళీ గడికి నమూనా అచ్చు వేసేటప్పుడు అసలు సైజులో, రంగుల్లో వేయకండి. బాగా తగ్గించి, నలుపు తెలుపులో, మీద అడ్డగీతతో వేయండి. చెలామణిలో ఉన్న తపాలా బిళ్ళను పోలిన నకళ్ళ విషయంలో చట్టం కటువుగా ఉంటుంది.

చివరగా బ్యాచ్ పని, అంటే చాలా ఫైళ్ళను ఒకేసారి మార్చడం. ఇర్ఫాన్‌వ్యూలో బి నొక్కి, ఫైళ్ళన్నీ చేర్చి, అడ్వాన్స్‌డ్‌లో పొడవు వైపు 800 అని ఇచ్చి, ‘చిన్న బొమ్మలను పెద్దవి చేయవద్దు’ అన్న గడి టిక్ చేయండి. స్టార్ట్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, అవుట్‌పుట్ ఫోల్డరు వేరేగా ఉందో లేదో చూడండి. అదే ఫోల్డరుకు, అదే పేరుతో, ఓవర్‌రైట్ అనుమతి ఇచ్చి నడిపితే అసలు స్కాన్లన్నీ 800 పిక్సెళ్ళవి అయిపోతాయి. వాటిని వెనక్కి తెచ్చే మీట ఏ మెనూలోనూ లేదు. కాబట్టి ముందు మూడు ఫైళ్ళతో నడిపి చూసి, ఆ తర్వాతే మిగతా మూడు వందలు వదలండి. నమస్కారం.