పండుటాకు లాంటి చేప: జెబ్రసోమా ప్రజాతి గురించి మాస్టారితో ఒక సంభాషణ

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఆక్వేరియం అద్దం ముందు నిలబడినవారి చూపును ముందుగా లాగేది చాలాసార్లు ఒక పసుపు చేపే. అరచేతిలో ఇమిడేంత పరిమాణం, పళ్ళెంలా పలచని దేహం, మూతి నుంచి తోక దాకా ఎక్కడా మచ్చలేని నిమ్మపండు రంగు దాని గుర్తులు. దాన్ని ఎల్లో ట్యాంగ్ అంటారు. అది చెందిన జెబ్రసోమా ప్రజాతి గురించి మాట్లాడటానికి, జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా మాస్టారు వచ్చారు. మాస్టారూ, రంగుతోనే మొదలుపెడదామా?

మాస్టారు: రంగు తర్వాత చూద్దాం అమ్మా, ముందు మూతి సంగతి చెప్పనివ్వు. ఈ ప్రజాతిని అర్థం చేసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా నమ్మకం. ఇవి సర్జన్ చేపల కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంలో చాలా చేపలు పగడపు దిబ్బల మీద నాచు మేసి బతుకుతాయి కానీ, జెబ్రసోమా చేపలకు మూతి ముందుకు సాగి సన్నని గొట్టంలా ఉంటుంది. ఆ మూతి పగడపు కొమ్మల మధ్య సందుల్లోకీ రాతి పగుళ్లలోకీ దూరుతుంది కాబట్టి, వెడల్పు నోటి చేపలకు అందని నాచు వీటికి అందుతుంది.

నిర్వాహకురాలు: మేయడం దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటుంది?

మాస్టారు: నేను ఒక పెద్ద తొట్టె ముందు కూర్చుని గంటసేపు అదే చూశాను. చేప రాయికి ఎదురుగా తల వంచి నిలుస్తుంది, పెదవులు రాతికి ఆనిస్తుంది, తలను ఒక్కసారి చిన్నగా విదిలిస్తుంది. పట్టుకున్న పోగు తెగి నోట్లోకి పోతుంది. వెంటనే వేలెడు దూరం జరిగి మళ్లీ అదే పని. పొద్దంతా ఆ పనే తప్ప మరొకటి లేదా అనిపిస్తుంది. నాచులో పోషణ తక్కువ కాబట్టి తింటూనే ఉండాలి. నాచును ఇలా అదుపులో ఉంచే చేపలు తగ్గిపోయిన దిబ్బల మీద అది దట్టంగా అల్లుకుని, కొత్త పగడాలు నిలదొక్కుకోవడానికి చోటు లేకుండా చేస్తుంది.

నిర్వాహకురాలు: ఈ ప్రజాతిలో ఎన్ని జాతులున్నాయి?

మాస్టారు: ఏడు. 1839లో స్వెయిన్సన్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. జీబ్రా దేహం కలది అని దాని అర్థం. పసుపు చేపను మాత్రమే ఎరిగినవారికి ఇది వింతగా తోచవచ్చు కానీ, వెలిఫర్ అనే జాతి ఒంటి మీద నిలువు పట్టీలు చూస్తే పేరు అతికినట్టే ఉంటుంది. అది వీపు రెక్కనూ కింది రెక్కనూ పూర్తిగా విప్పినప్పుడు తెరచాప ఎత్తిన పడవలా కనిపిస్తుంది. అది పసిఫిక్ చేప. హిందూ మహాసముద్రంలోనూ ఎర్ర సముద్రంలోనూ దాని స్థానంలో డెస్జార్డిని ఉంటుంది. ఎర్ర సముద్రంలో ఈ డెస్జార్డిని జెల్లీ చేపలను కూడా తింటున్నట్టు పరిశోధకులు గమనించారు. శాకాహారి అని మనం గీసిన గీతను ప్రకృతి అంత ఖచ్చితంగా పాటించదన్నమాట. ఊదా దేహానికి పసుపు తోక ఉన్న జాంతురం, నల్లటి దేహం మీద తెల్లని చుక్కలు చల్లినట్టుండే జెమ్మాటం, గోధుమ రంగు స్కోపాస్, మూతి మరీ పొడవైన రోస్ట్రాటం మిగిలినవి.

నిర్వాహకురాలు: సర్జన్ అనే పేరు వెనుక కత్తి ఉందని విన్నాను.

మాస్టారు: ఉంది. తోక మొదట్లో ఇరుపక్కలా ఒక్కొక్క ముల్లు, చాకును మడిచినట్టు గాడిలో పడుకుని ఉంటుంది. చేప తోకను బలంగా విసిరినప్పుడు అది పైకి లేచి ఎదుటి దాన్ని చీరేస్తుంది. పసుపు చేపలో ఆ ముల్లు తెల్లగా ఉంటుంది కాబట్టి దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. పెద్ద చేపల్లో, ముఖ్యంగా మగవాటిలో, ముల్లుకు కాస్త ముందు మఖమలు గుడ్డ అతికించినట్టు సన్నని నూగు ఉంటుంది. ఆ తెల్ల ముల్లునూ ఆ నూగునూ పక్కపక్కన చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

నిర్వాహకురాలు: ఇప్పుడైనా రంగు గురించి అడగవచ్చా?

మాస్టారు: అడుగమ్మా. హవాయి భాషలో ఈ చేపను లౌఈపాల అంటారు. పండి పసుపెక్కిన ఆకు అని అర్థం, మన పండుటాకు అన్న మాటే. రాత్రి పగడాల మధ్య దాక్కున్నప్పుడు ఆ పసుపు వెలవెలబోయి, పక్కల మీద తెల్లని అడ్డపట్టీ తేలుతుంది. తెల్లవారగానే మళ్లీ పాత రంగు. హవాయి తీరంలో పచ్చ తాబేళ్లు వచ్చి నిలిస్తే, ఈ చేపలు చుట్టూ చేరి వాటి డిప్పల మీది నాచును గీకి తింటాయి. అక్కడ కూడా ఆ సన్నని మూతే పనికొస్తుంది.

నిర్వాహకురాలు: ఆ రంగు వల్లనే వీటిని విపరీతంగా పట్టి అమ్మారు కదా?

మాస్టారు: అవును, అది నన్ను బాధపెట్టే విషయం. హవాయి పెద్ద ద్వీపపు పశ్చిమ తీరంలో ఆక్వేరియం వ్యాపారం కోసం పట్టిన చేపల్లో సింహభాగం ఇదే. వేట మీద వివాదం ముదిరి, 1998లో చట్టం వచ్చింది. 1999 చివరి నుంచి ఆ తీరంలో సుమారు 35 శాతం మేర ఆక్వేరియం చేపల వేటకు మూసివేశారు. మూసిన చోట్ల పసుపు చేపల సంఖ్య పెరిగింది. తల్లిదండ్రులనూ పిల్లలనూ జన్యు పరీక్షతో జతచేసి చూస్తే, కొన్ని పిల్లలు పుట్టిన చోటు నుంచి 184 కిలోమీటర్ల దూరం వెళ్లి స్థిరపడ్డాయని 2010లో తేలింది. ఒకచోట కాపాడిన చేప మరెక్కడో దిబ్బను నింపుతున్నదన్నమాట. 40 ఏళ్లు దాటి బతకగల జీవిని నాలుగు గాజు పలకల మధ్య నాలుగు రోజుల ముచ్చటగా చూడటం నాకు ఏమాత్రం నచ్చదు.

నిర్వాహకురాలు: అయితే సముద్రం నుంచి పట్టకుండా, తొట్టెల్లోనే పెంచవచ్చు కదా?

మాస్టారు: ఆ పని చాలా ఏళ్లు మొండికేసింది. గుడ్లు పెట్టించడం సాధ్యమైంది కానీ, గుడ్డు నుంచి వెలువడిన పసికూనలు, అంటే డింభకాలు, కొద్ది రోజుల్లోనే చచ్చిపోయేవి. కారణం మళ్లీ నోరే. పొదిగిన డింభకానికి నోరు ఎంత చిన్నదంటే, ఇతర చేపల పిల్లలకు వేసే మేత అందులో పట్టదు. కోపీపాడ్ అనే సూక్ష్మ జీవుల అప్పుడే పుట్టిన పిల్లలను, నీటి నాణ్యత చెడకుండా ఎడతెగక అందించాలి. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2015లో వాటిని పూర్తి పసుపు చేపలుగా పెంచగలిగారు. ఇప్పుడు తొట్టెల్లో పుట్టిన చేపలు కూడా అమ్మకానికి వస్తున్నాయి.

నిర్వాహకురాలు: సముద్రంలో ఆ డింభకం ఏమవుతుంది?

మాస్టారు: సుమారు రెండు నెలలు నడిసముద్రంలో, ప్లవకాలనే నీట తేలే చిన్న జీవుల మధ్య తేలుతూ పెరుగుతుంది. దిబ్బకు చేరే వేళకు అది గాజు బిళ్లలా పారదర్శకంగా ఉంటుంది. కొమ్మల పగడంలోకి దూరాక కొద్ది రోజుల్లో రంగు పట్టి, నాచు అరిగించుకోవడానికి వీలుగా పేగు పొడవు సాగుతుంది. అప్పుడు ఆ చిన్న మూతి మొదటిసారి రాతికి ఆనుతుంది.