సైలెంట్ కామెడీలు ఇంటిల్లిపాదీ కలిసి చూడాలంటే

హాయ్ అండి, అందరికీ నమస్తే. చాప్లిన్, బస్టర్ కీటన్, హరాల్డ్ లాయిడ్ వీళ్ళ మూకీ కామెడీలు ఇంట్లో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి, ఈరోజు అదే మాట్లాడుకుందాం. ఇంకా చదవడం రాని పాపా, చెవులు సరిగ్గా వినపడని తాతయ్యా ఒకే సీన్‌కి ఒకేసారి పడీ పడీ నవ్వే సినిమాలు నాకు ఇవి తప్ప ఇంకేవీ కనపడలేదండి.

మొదటిరోజే పెద్ద సినిమా పెట్టకండి. కీటన్‌ది 1920లో వచ్చిన 'వన్ వీక్' పెట్టండి, అటూ ఇటూగా 20 నిమిషాలే. కొత్తగా పెళ్ళైన జంట, పెట్టెల్లో వచ్చిన విడిభాగాలు బిగించి ఇల్లు కట్టుకోవాలి, ఆ పిల్లని చేసుకోవాలనుకున్న ఇంకొకడు కుళ్ళుకుని పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు, ఇక ఆ ఇల్లు ఎంత వంకరగా తయారవుతుందో చూడాలి. చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది, రైలు వచ్చేస్తుంది, ఇద్దరూ కళ్ళు మూసుకుంటారు, రైలేమో పక్క ట్రాక్ మీద వెళ్ళిపోతుంది, హమ్మయ్య అనుకుంటాం కదా... ఆ తర్వాతది నేను చెప్పను.

పిల్లలు కచ్చితంగా "ఇది నిజంగా చేశారా, గ్రాఫిక్సా?" అని అడుగుతారు, అప్పుడు పాజ్ చేసి చెప్పండి, నాకైతే ఆ కబుర్లే సగం సరదా. 1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి ముందు గోడ మొత్తం కీటన్ మీద పడుతుంది, పైన ఉన్న కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి వస్తుంది కాబట్టి బతికాడు, అది నిజంగా బరువున్న గోడేనండి, కొన్ని అంగుళాలు తేడా వచ్చినా అంతే సంగతులు, కానీ ఆ మొహంలో చూడండి, చిన్న కదలిక కూడా ఉండదు! 1923 నాటి 'సేఫ్టీ లాస్ట్'లో లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడతాడు చూశారా, ఆయనకి 1919లో ఉత్తుత్తి బాంబు అనుకున్నది పేలి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. వేళ్ళు లేవని చూసేవాళ్ళకి తెలియకుండా గ్లవ్ వేసుకుని చేశాడు.

ప్రింట్ విషయంలో మాత్రం జాగ్రత్త. అప్పట్లో కెమెరాలు చాలావరకు చేత్తో తిప్పేవాళ్ళు, స్పీడు ఒక్కో సినిమాకి ఒక్కోలా ఉండేది, దాన్ని ఇప్పటి సెకనుకి 24 ఫ్రేముల (అంటే 24 బొమ్మల) స్పీడులో ఆడిస్తే మనుషులు గబగబా పరిగెడుతున్నట్టు ఉంటుంది, నటన అంతా పోతుంది. కాబట్టి రిస్టోర్ చేసిన ప్రింట్, సినిమాకి తగ్గ మ్యూజిక్ ఉన్నది వెతకండి. 'గోల్డ్ రష్' కూడా రెండు రకాలుగా దొరుకుతుంది, 1925 నాటి ఒరిజినల్ ఒకటి, 1942లో చాప్లిన్ తనే వాయిస్ చెప్పి మళ్ళీ విడుదల చేసింది ఇంకొకటి. నేనైతే 1925దే అంటాను, బూటు ఉడకబెట్టుకుని తినే సీన్లో మేకుల్ని ఎముకలు చీకినట్టు చీకుతాడు, అక్కడ మాటలెందుకండి?

మధ్యలో తెర మీద మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు ఎవరో ఒకరు పైకి చదివి తెలుగులో చెప్పేయండి, ఫోన్లు మాత్రం పక్కన పెట్టేయాలి, ఇక్కడ చెవులతో కథ ఫాలో అవ్వడం కుదరదు, ఒక్క క్షణం కళ్ళు పక్కకి తిప్పితే జోక్ పోయినట్టే. ఇంకోటి, ఆ కాలం సినిమాల్లో నల్లజాతివాళ్ళని ఎగతాళి చేసే సీన్లు అక్కడక్కడా ఉంటాయి, పిల్లలకి చూపించేముందు మీరొకసారి చూసుకోండి.

ఇవన్నీ అలవాటయ్యాక 1921 నాటి 'ది కిడ్' పెట్టండి, చాప్లిన్ పెంచుకునే పిల్లాణ్ణి లాక్కెళ్ళిపోయే సీన్ వస్తుంది, అక్కడ చిన్నపిల్లలు మీ ఒళ్ళోకి వచ్చేస్తారు, పాజ్ చేయకండి, చాప్లిన్ ఇంటి కప్పుల మీద నుంచి పరిగెత్తుకుంటూ వస్తాడు.