గొయ్యికి మేత ఎవరు వేస్తారు?

అందరికీ నమస్కారం.

ఇందాక మీ ఊళ్లోకి వస్తుంటే ఒక పెరట్లో కరివేపాకు చెట్టు కనిపించింది. ఇంటి చూరు దాటి పెరిగింది. దగ్గరికి వెళ్లి చూస్తే దాని చుట్టూ ఉన్నది మామూలు పాదు కాదు, గుండ్రంగా ఇటుకలతో కట్టిన గోబర్ గ్యాస్ గొయ్యి. గ్యాసు ఆగిపోయాక మట్టి పోసి పూడ్చి మొక్క పెట్టారట. ఎప్పుడు ఆగిపోయిందమ్మా అని అడిగాను. "మా అత్తగారు కాలం చేసిన ఏడాదేనండీ" అంది ఆ ఇంటావిడ.

డ్రమ్ము చిల్లు పడిన ఏడాది అనలేదు, గొట్టం పగిలిన ఏడాది అనలేదు. అత్తగారు పోయిన ఏడాది అంది. నేను రాసుకొచ్చిన నాలుగు కాగితాల్లో ఉన్నది ఆ ఒక్క మాటలోనే వచ్చేసింది. అయినా పిలిచారు కాబట్టి మాట్లాడతాను.

గోబర్ గ్యాస్‌కే ఇంకో పేరు బయోగ్యాస్, పేడతోనే కాదు, చెత్తతోనూ తయారవుతుంది. దాని చరిత్రను మనవాళ్లు ఎప్పుడూ కట్టడాల చరిత్రగానే చెబుతారు. ఆ వరస కూడా తెలియాలి కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రవేత్త, మన కరెంటు వోల్టులకు ఎవరి పేరు పెట్టారో ఆయనే, మజ్జోరే సరస్సు బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను పట్టి అంటించి చూశాడు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో మురుగు తొట్టి గ్యాసుతో దీపాలు వెలిగించారు. రెండేళ్లకే, 1897లో, బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మరుగుదొడ్ల మలం నుంచి వచ్చిన గ్యాసును వాడారు. అంటే ఈ విద్య మన దేశానికి కొత్తేమీ కాదు. పేడతో పని మొదలైంది 1939 ప్రాంతంలో, ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో. తరవాత జశ్‌భాయ్ పటేల్ తేలే డ్రమ్ము నమూనా తయారు చేశారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు గ్రామలక్ష్మి. 1960ల మొదట్లో ఖాదీ గ్రామోద్యోగ్ కమిషన్ దాన్ని తీసుకుని దేశమంతా తిప్పింది. మన ఊళ్లలో పెద్దవాళ్లకు గుర్తున్న గోబర్ గ్యాస్ అదే. గోతిలో పేడ నీళ్లు, పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము. గ్యాసు నిండితే డ్రమ్ము లేస్తుంది, వాడితే దిగుతుంది. వంటింట్లోంచే కిటికీలో చూసి ఈ పూట పప్పు ఉడుకుతుందో లేదో చెప్పేసేవాళ్లు. ఆ సుఖం తరవాత వచ్చిన గుమ్మటం నమూనాల్లో లేదు.

కానీ ఇనుము ఖరీదు, పైగా తుప్పు. అందుకని 1978లో ఉత్తరప్రదేశ్ అజీత్‌మల్‌లో, చైనా పద్ధతి చూసి, డ్రమ్ము లేకుండా పైన ఇటుకల గుమ్మటం కట్టే జనతా నమూనా వచ్చింది. 1984లో ఆఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ ఇంకా తక్కువ ఇటుకలతో దీనబంధు నమూనా తెచ్చింది. 1981-82లో మొదలైన జాతీయ పథకం కింద దేశంలో 50 లక్షలకు పైగా కుటుంబ ప్లాంట్లు కట్టినట్టు లెక్క.

కట్టినట్టు లెక్క. నడుస్తున్నట్టు కాదు.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పకుండా ముందుకు వెళ్తే ఈ ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఊరుకోరు. పెరుగు తోడు పెట్టడం అందరికీ తెలుసు కదా. ఇదీ అలాంటిదే, కాకపోతే గాలి తగలకూడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు పేడలోని పీచును, పిండిని, కొవ్వును ముక్కలు చేస్తాయి. కొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి. చివర ఇంకో జాతి వచ్చి వాటి నుంచి మీథేన్ అనే మండే వాయువును చేస్తుంది. ఈ చివరి జాతి పాతకాలపు మనుషుల్లాంటిది. నిదానం ఎక్కువ, పుల్లదనం పడదు, చలి పడదు. 35 డిగ్రీల దగ్గర హాయిగా పని చేస్తుంది, సంక్రాంతి చలికి ముడుచుకుంటుంది. అందుకే చలికాలంలో గ్యాసు తగ్గుతుంది. ముందు జాతి వేగంగా పులియబెట్టేసి, వెనక జాతి అందుకోలేకపోతే గొయ్యి పులిసిపోతుంది, గ్యాసు ఆగిపోతుంది. పెళ్లి విందులో మిగిలిన అన్నం, సాంబారు అంతా ఒకే రోజు గోతిలో పోసిన ఇళ్లలో ఇదే జరిగింది.

పేడతో ఉన్న సుఖం ఏంటంటే ఈ జీవులు పశువు పొట్టలో ముందే ఉంటాయి. ఆవు నెమరు వేస్తూ తేన్చేదీ మీథేనే. మనం చేసేదల్లా ఆ పొట్టను పెరట్లో ఇటుకలతో ఇంకోసారి కట్టడం. తయారైన గ్యాసులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా మీథేన్, మిగిలినది దాదాపు కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్.

పొట్ట అన్నాను కాబట్టి మేత లెక్క కూడా చూద్దాం. నెలకు ఒక సిలిండరు, అంటే 14.2 కిలోల గ్యాసు వాడే ఇల్లు అనుకోండి. ఒక ఘనమీటరు బయోగ్యాస్ ఇంచుమించు 450 గ్రాముల సిలిండరు గ్యాసుకు సమానం. కాబట్టి రోజుకు ఒక ఘనమీటరు చాలు. దానికి 25 కిలోల పేడ కావాలి, అంతే నీళ్లు కావాలి. ఒక గేదె రోజుకు దాదాపు 15 కిలోలు వేస్తుంది. కట్టేసి మేపితే రెండు గేదెలు సరిపోతాయి. మేతకు తోలుకెళ్తే సగం పేడ పొలం గట్ల మీదే పడుతుంది, అప్పుడు నాలుగు కావాలి.

ఈ లెక్క ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. లేనిది ఇంకోటి ఉంది. ఆ 25 కిలోలు ఎత్తి తెచ్చేదెవరు? నీళ్లు మోసేదెవరు? గడ్డి పరకలు, రాళ్లు ఏరి చేత్తో కలిపేదెవరు? రోజూ పొద్దున్నే, వానొచ్చినా, జ్వరమొచ్చినా. నేను ఎన్నో ఏళ్లు ఊళ్లు తిరిగి ప్లాంట్లు కట్టించాను. దరఖాస్తు మీద సంతకం మగవాడిది, సబ్సిడీ మగవాడి పేరున, ఫోటోలో నిలబడేదీ మగవాడే. పేడ కలిపే చెయ్యి మాత్రం ఆడవాళ్లది. కట్టెల కోసం తిరిగే పని తప్పింది, పొగ తప్పింది, నిజమే. కానీ ఆ పనుల్లో కొంత పేడ తొట్టి దగ్గరకు మారింది. నేనూ ఆ రోజుల్లో ఇది గమనించలేదు. గుమ్మటం వంపు సరిగ్గా వచ్చిందా, ప్లాస్టరింగులో సన్నటి పగుళ్లున్నాయా అని చూసేవాణ్ని.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో వంటింటికి బాగా దూరంగా ప్లాంటు కట్టించాను. గొట్టం మధ్యలో కాస్త కుంగింది, నేను పట్టించుకోలేదు. నెల తిరక్కుండా ఆ ఇంటి పెద్దమ్మ కబురు పెట్టింది. వెళ్తే పొయ్యి వెలిగించి చూపించింది. మంట ఎగిరెగిరి పడుతోంది, టపటపమంటోంది. "ఒరే అబ్బాయ్, నీ గ్యాసు ఏడుస్తోందిరా" అంది. గ్యాసుతో పాటు వచ్చే ఆవిరి చల్లబడి గొట్టం కుంగిన చోట నీరుగా చేరింది, అంతే. అక్కడ ఒక చిన్న కుళాయి పెట్టి వారానికోసారి నీళ్లు వదిలేస్తే ఏ గొడవా లేదు. పది నిమిషాల పని. కానీ ఆ పని చేసేవాడు రాకే ఎన్ని ప్లాంట్లు పోయాయో! కట్టినందుకు డబ్బులిచ్చారు, కట్టిన తరవాత వచ్చి చూసినందుకు ఇచ్చినవాళ్లు అరుదు.

నేపాల్ వాళ్లు ఇక్కడే తెలివి చూపించారు. 1992లో వాళ్లు మొదలుపెట్టిన బయోగ్యాస్ కార్యక్రమంలో ప్లాంటు కట్టిన కంపెనీయే మూడేళ్లు మరమ్మతు చూసుకోవాలి. నాసిగా కడితే కోత పడుతుంది. మన దగ్గర మార్చి నెలాఖరుకు టార్గెట్ పూర్తయిందా అన్నదే టెన్షన్. ఆ మార్చి టెన్షన్ నేను పడ్డవాణ్నే కాబట్టి ఎవరినీ తప్పుపట్టను.

2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక సిలిండరు పల్లెలకూ చేరింది. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి. ఇక పెరటి గొయ్యికి కాలం చెల్లినట్టే అనుకున్నాం. సరిగ్గా అప్పుడే ఈ గ్యాసు ఊరు వదిలి పట్నం చేరింది. సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఎప్పుడైనా చూశారా? రోజుకు దాదాపు పది టన్నుల వ్యర్థం. కుళ్లిన టమాటా, క్యాబేజీ ఆకులు, మెత్తబడ్డ వంకాయలు. అది చెత్త దిబ్బ మీద కుళ్లితే వచ్చేదీ మీథేనే. తేడా ఏంటంటే అక్కడ అది గాల్లో కలుస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు గట్టిది. తార్నాకలో ఉన్న ఐఐసీటీ, అంటే భారత రసాయన సాంకేతిక సంస్థ, శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతిలో ఆ మార్కెట్లో ప్లాంటు కట్టారు. రోజుకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు దాని సామర్థ్యం. కరెంటుతో మార్కెట్ దీపాలు, గ్యాసుతో క్యాంటీన్ వంట. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు, దాంతో అందరికీ తెలిసింది. ఇందోర్‌లో ఇంకా పెద్దది. 2022 ఫిబ్రవరిలో మొదలైంది, రోజుకు 550 టన్నుల తడి చెత్త, 17,000 కిలోల గ్యాసు దాని లెక్క. సిటీ బస్సులకు వాడుతున్నారు.

ఇందోర్ గెలిచింది యంత్రం వల్ల అనుకుంటే పొరపాటు. అక్కడ ఇళ్లలోనే తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తారు. ఒక ప్లాస్టిక్ కవరు, ఒక కొబ్బరి చిప్ప, ఒక బ్యాటరీ కలిసొస్తే ఎంత గొప్ప యంత్రమైనా ఆగిపోతుంది. గడ్డి పరకలు ఏరిన ఆ అత్తగారి పనే ఇక్కడ నగరమంతా చేస్తోంది.

ఇప్పుడు సీబీజీ అనే మాట పేపర్లలో రోజూ వస్తోంది. బయోగ్యాస్‌లోంచి కార్బన్ డయాక్సైడ్, నీరు, ఆ కుళ్లు వాసన వాయువు తీసేసి మీథేన్‌ను 90 శాతం పైకి తెచ్చి సిలిండర్లలో కుక్కితే అదే సీబీజీ, అంటే కంప్రెస్డ్ బయోగ్యాస్. బండికి పోస్తే సీఎన్‌జీకీ దానికీ తేడా తెలియదు. 2018 అక్టోబరులో కేంద్రం సతత్ పథకం పెట్టి 2023 నాటికి 5,000 ప్లాంట్లు అంది. గడువు నాటికి నడుస్తున్నవి వందల్లోకి కూడా రాలేదు. కారణాలు చాలా చెబుతారు, బ్యాంకు రుణాలని, ధరలని. నా మట్టుకు నాకు కనపడేది పాత ప్రశ్నే. రోజుకు వంద టన్నుల మేత ఎవరు తెచ్చి పోస్తారు? వరి గడ్డి కోత తరవాత నెల రోజులే దొరుకుతుంది, ఏడాది పొడుగునా నిలవ చేయాలి. పేడ ఇంటింటికీ చెదిరి ఉంటుంది.

అందుకే మేతను పండిద్దాం అంటున్నారు. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో రిలయన్స్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 500 ప్లాంట్లు పెడతారట, బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతారట. మా జిల్లాల్లో బీడు ఎంత ఉందో నాకు తెలుసు కాబట్టి సంతోషమే. కానీ నేపియర్‌కు నీళ్లు కావాలి. బీడు అని మనం పిలిచే చోట గొర్రెలు మేస్తుంటాయి, వాటి వెనక మనుషులుంటారు. జర్మనీలో బయోగ్యాస్‌తో తీసిన కరెంటుకు మంచి ధర ఇచ్చేసరికి రైతులు ఎక్కడ చూసినా మొక్కజొన్నే వేశారు, ప్లాంటుకు మేతగా. చివరికి 2012లో ప్లాంటులో మొక్కజొన్న ఇంతకు మించి వాడొద్దని పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది. వద్దని నేను అనడం లేదు. ముందు పేడ, చెత్త, మిల్లుల వ్యర్థం అయిపోనివ్వండి, ఆ తరవాత గడ్డి సంగతి చూద్దాం.

ఇంకొక్క విషయం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఇంతసేపూ గ్యాసు గ్యాసు అన్నాం. పేడను పిడకలు చేసి కాలిస్తే వేడి వస్తుంది, ఎరువు పోతుంది. దాన్లోని నత్రజని పొగలో కలుస్తుంది. పెంట కుప్పలో వేస్తే ఎరువు వస్తుంది, వేడి రాదు. ఎండకు నత్రజనీ కొంత ఎగిరిపోతుంది. గోతిలో వేస్తే కార్బను గ్యాసుగా బయటికి వెళ్తుంది, నత్రజని దాదాపు అంతా స్లర్రీలో, అంటే గోతిలోంచి బయటికొచ్చే పేడ నీళ్లలో, మిగులుతుంది, అదీ మొక్క తొందరగా అందుకునే రూపంలో. కలుపు గింజలు చాలావరకు చస్తాయి, ఈగలు రావు. గుజరాత్ ఆణంద్ జిల్లా జకరియాపురాలో పాడి అభివృద్ధి బోర్డు సాయంతో ఆడవాళ్లు ఇంటింటా చిన్న ప్లాంట్లు పెట్టుకున్నారు. గ్యాసు వంటకు, మిగిలిన స్లర్రీ అమ్మకానికి. స్లర్రీ నాణ్యత చూసి డబ్బులిస్తారు, అదీ ఆవిడ చేతికి. పేడ కలిపే చేతికి డబ్బు అందడం ఈ చరిత్రలో నేను విన్న మంచి వార్త. మన దగ్గర పాల కేంద్రం ఉన్న ఏ ఊళ్లోనైనా ఇది చేయొచ్చు. పాల క్యాన్లు తిరిగే బండే స్లర్రీకీ తిరగొచ్చు.

పిల్లలూ, ఒక్క జాగ్రత్త. పాడుబడ్డ గొయ్యి కనిపిస్తే అందులోకి ఎవరూ దిగకండి. పైకి ఖాళీగా కనిపించినా లోపల ఊపిరాడదు. ఒకర్ని కాపాడబోయి ఇంకొకరు పోతారు. అగ్గిపుల్ల గీసి తొంగి చూడకండి.

కొత్తగా ప్లాంటు పెట్టుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని సర్పంచిగారు చెప్పారు. బయట జీపులో రెండు క్యాన్ల స్లర్రీ తెచ్చాను, నడుస్తున్న ప్లాంటులోది. తోడుకు పట్టుకెళ్లండి. సీసాల్లో పోసుకుంటే మూత మాత్రం గట్టిగా బిగించకండి, దారిలో కూడా గ్యాసు తయారవుతూనే ఉంటుంది.