పడుగు నీలం, పేక తెలుపు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట జీన్సు ప్యాంటు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ముందుగా మీకొక చిన్న పని అప్పగిస్తాను. ప్రసంగం అయ్యాకే చేయండి, ఇప్పుడే లేవకండి. ఇంట్లో పాత జీన్సు ఉంటే, కాలి అంచు దగ్గర పోగులు లేచిన చోట ఒక నీలి దారం పట్టి లాగండి. దాన్ని కత్తెరతో అడ్డంగా కత్తిరించి, ఆ కొసను వెలుతురులో చూడండి. భూతద్దం దొరికితే మరీ మంచిది. చుట్టూ నీలం, నడుమ తెలుపు. రంగు పూసిన పెన్సిలును అడ్డంగా కోసినట్టు ఉంటుంది. రంగు పైపొరలోనే ఉంది, లోపలికి దిగలేదు. జీన్సు ఎలా ఉతకాలో ఆ దారపు ముక్కే చెబుతుంది.

రంగు లోపలికి ఎందుకు దిగలేదు? జీన్సుకు వేసేది నీలిమందు. ఒకప్పుడు మొక్కల నుంచి తీసేవారు, 1897 నుంచి కర్మాగారంలో తయారైనదీ మార్కెట్లోకి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చినా దాని స్వభావం ఒకటే. నీళ్ళలో కరగదు. అందుకని ముందు దాన్ని రసాయనాలతో కరిగే రూపంలోకి మారుస్తారు. విచిత్రమేమిటంటే, అప్పుడు తొట్టిలో ఉండే ద్రవం నీలంగా ఉండదు, పసుపుపచ్చగా ఉంటుంది! దారాలను మోకుల్లా కట్టి అందులో ముంచి పైకి తీస్తారు. గాలి తగలగానే ఆ పసుపు ఆకుపచ్చగా మారుతుంది, చూస్తుండగానే నీలమవుతుంది. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ గాలికి పెడతారు. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ గాలికి పెడతారు. ఎంత ముదురు నీలం కావాలంటే అన్ని మునకలు. పొర మీద పొర పేరుకుంటుంది గానీ, నడిబొడ్డు దాకా మందు చేరదు. పైగా అది నూలుతో గట్టి బంధం వేసుకోదు, అతుక్కుని ఉంటుందంతే. రుద్దితే రాలుతుంది. మోకాళ్ళ దగ్గర, జేబు అంచుల దగ్గర, తొడల మీద ముడతలు పడే చోట ముందుగా తెల్లబడేది అందుకే.

ఇది తెలియని రోజుల్లో నేనొక ఘనకార్యం చేశాను. కొత్త ముదురు నీలం జీన్సు, ఎంతో ఇష్టపడి కొనుక్కున్నది. రంగు నిలుస్తుందని ఎవరో చెబితే ఉప్పునీళ్ళలో నానబెట్టాను. నాలుగు మడతలు పెట్టి, బకెట్లో కుక్కి, రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే సబ్బు రాసి, బండ మీద పరిచి, బ్రష్షుతో కసిదీరా తోమాను. ఆరాక చూస్తే ఆ మడతలు పడ్డ చోటల్లా తెల్లటి గీతలు, కాగితం మీద స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీతలు ఆ ప్యాంటు ఉన్నంత కాలం ఉన్నాయి.

ఉప్పు మాట చెబుతాను. ఉప్పుతో పనిపడే రంగులు వేరే ఉన్నాయి, కానీ అక్కడ కూడా దాని పని అద్దకం వేసేటప్పుడే. గాలి తగిలి నీలిమందు ఒకసారి దారం మీద కుదురుకున్నాక ఉప్పు దాన్ని కొత్తగా పట్టి ఉంచలేదు. వెనిగరూ అంతే.

మరి ఏం చేయాలి? ఒక్కటే చెబుతాను, ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఉతికే ముందు తిరగేయండి. లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేయండి.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి, నాకు ముచ్చటేసే సంగతి ఇదే. జీన్సు బట్టలో నిలువు దారాలకు, అంటే పడుగుకు మాత్రమే నీలం వేస్తారు. అడ్డంగా వెళ్ళే పేకను తెల్లగానే ఉంచుతారు. మామూలు జీన్సు నేతలో పేక దారం మూడు పడుగు పోగుల కింద నుంచి వెళ్ళి, ఒక పోగు మీదుగా వస్తుంది. అందుకే పైవైపు ఎక్కువగా నీలం కనిపిస్తుంది, లోపలి వైపు ఎక్కువగా తెలుపు. తిరగేసి ఉతికితే రాపిడి ఎక్కువగా తెల్ల పేక మీద పడుతుంది. పోగొట్టుకోవడానికి దానికి రంగే లేదు! మన ఒంటికి తగిలి చెమట, మురికి పట్టేది కూడా లోపలి వైపే కాబట్టి సబ్బు చేరాల్సిన చోటికే చేరుతుంది.

తిరగేసేటప్పుడే జిప్పు లాగి, గుండీ పెట్టేయండి. జేబులు తడిమి చూడండి. చల్లని నీళ్ళు, కొద్దిగా సబ్బుపొడి చాలు. మొదటి రెండు మూడు సార్లు విడిగా ఉతకండి, తెల్ల చొక్కాల జోలికి అసలు పోనివ్వకండి. సాగే గుణమున్న జీన్సుకు వేడి శత్రువు. ఆ సాగే దారం వేడినీళ్ళకూ, వేడిగాలి యంత్రానికీ తొందరగా పాడై, మోకాళ్ళ దగ్గర బట్ట సంచిలా జారుతుంది.

ఎన్నాళ్ళకోసారి ఉతకాలని అడుగుతారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలు ఉతకకుండా ఒకే జీన్సు తొడిగాడు. తర్వాత దాన్ని ఉతికి, 13 రోజులు తొడిగి చూస్తే, బాక్టీరియా లెక్క దాదాపు అంతే వచ్చింది. మీరూ అలా చేయమని చెప్పను, పక్కన కూర్చునేవారి సంగతి కూడా చూడాలి కదా. ఒకసారి తొడగగానే బకెట్లో వేయనక్కర్లేదని మాత్రం చెబుతాను. చెమట పట్టలేదా, మురికి అంటలేదా, గాలికి ఆరేసి మళ్ళీ తొడగండి. చిన్న మరక పడితే ఆ చోట మాత్రం తడిగుడ్డతో అద్దండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెడితే క్రిములు చస్తాయంటారు గానీ, ఆ చలికి చాలా క్రిములు నిద్రపోతాయి, ఒంటి వేడి తగిలితే లేస్తాయి.

ఇక ఆరేయడం. మెలిపెట్టి పిండకండి, నీరు దానంతట అదే కారనివ్వండి. తిరగేసినది తిరగేసినట్టే, నీడలో, కాళ్ళు పైకి నడుము కిందికి ఉండేలా దండేనికి క్లిప్పులు పెట్టండి. తడి బరువుకు కాళ్ళు సాపుగా సాగుతాయి, ఇస్త్రీ పని తగ్గుతుంది. జేబులు చెవుల్లా బయటికి వేలాడుతుంటాయి. అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేవి ఆ జేబుల మొదళ్ళూ, నడుము పట్టీయే. కాళ్ళు ఆరాయి కదా అని తీసి మడతపెట్టకండి, అక్కడ చెయ్యి పెట్టి చూశాకే తీయండి.

నమస్కారం.