ఎర చిరిగేది ఎక్కడ? బాస్ వేటలో సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలు, గాలాల ఎంపిక

అందరికీ నమస్కారం.

బాస్ చేపల కోసం సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలు కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "వీటిలో ఏది ఎక్కువ కాలం వస్తుంది?" న్యాయమైన ప్రశ్నే. ప్యాకెట్ విప్పిన పూటే ఖాళీ అయిపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఎర ప్యాకెట్ మీద సగమే ఉంటుంది. మిగతా సగం గాలం ప్యాకెట్ మీద ఉంటుంది. ఎరను ఒక రోజు, గాలాన్ని ఇంకో రోజు, దేని దారి దానిదే అన్నట్టు కొనడం మానేయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని కొనండి. నేను చెప్పాలనుకున్నది ఇంతే. మిగిలిన సమయమంతా ఎందుకలా అన్న దానికే.

పనికిరాకుండా పోయిన ఎరను పారేసే ముందు ఒకసారి చేతిలో పెట్టుకుని చూడండి. ఎక్కువసార్లు ముక్కు దగ్గర, గాలం దూరిన రంధ్రం నిలువునా చీలి ఉంటుంది. చొక్కా గుండీ కాజా చిరిగినట్టన్నమాట. బట్టంతా బాగానే ఉంటుంది, తొడుక్కోవడానికి మాత్రం పనికిరాదు. ఎర తోక ఒక్కటే మాయమైతే అది బాస్ పని కాదు, బ్లూగిల్ లాంటి చిన్న చేపలు కొరుక్కుపోయి ఉంటాయి. ఒళ్లంతా బ్లేడు గాట్లు ఉంటే ఆ నీళ్లలో పైక్ అనే పదునైన పళ్ల చేప ఉందని అర్థం. బాస్‌కి పళ్లు లేకపోలేదు, కాకపోతే అవి సన్నగా గరుగ్గా ఉంటాయి. పట్టుకోవడానికి పనికొస్తాయి గానీ కోయడానికి కాదు. బాస్ చేసే నష్టమంతా గాలం పడ్డాకే. నీళ్ల పైకి ఎగిరి తల విదిలిస్తుంది, ఆ విదిలింపుకి ఎర గాలం కాడ మీద కిందికీ పైకీ జారుతుంది, జారినప్పుడల్లా రంధ్రం కాస్త పెద్దదవుతుంది. ఈ మూడు రకాల చిరుగుళ్లకూ మందు ఒకటే కాదు. పైక్ కొరికే చోట ఎంత మంచి గాలం పెట్టినా మామూలు ప్లాస్టిక్ నిలవదు. ముక్కు చీలే చోట ఎంత ఖరీదైన ప్లాస్టిక్ కొన్నా, గాలం తప్పుగా ఉంటే మళ్లీ చీలుతుంది.

ముందు ప్లాస్టిక్ సంగతి చూద్దాం. రబ్బరుతో చేసిన పురుగులు పాతకాలం నుంచీ ఉన్నాయి గానీ అవి బిరుసుగా ఉండేవి. 1949లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన వినైల్ ప్లాస్టిక్‌ని కరిగించి, అచ్చులో పోసి మెత్తటి వానపామును తయారుచేశాడు. ఆ తర్వాత కంపెనీ టెక్సాస్‌లోని టైలర్‌కి మారింది. ఇవాళ మనం వాడే వాటిలో అధిక భాగం ఆ వానపాము వంశమే. ఆ పదార్థాన్ని ప్లాస్టిసాల్ అంటారు. పీవీసీ పొడిని నూనెలాంటి ప్లాస్టిసైజర్ ద్రవంలో కలిపి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అది చిక్కబడి, ఆపైన పారదర్శకమైన ద్రవంగా మారుతుంది. చల్లారితే ఎర. ప్లాస్టిసైజర్ పాలు పెరిగే కొద్దీ ఎర మెత్తబడుతుంది, తోక చిన్న కదలికకే ఊగుతుంది, చిరగడం కూడా అంతే సులువవుతుంది. తగ్గిస్తే గట్టిపడుతుంది, కానీ నీళ్లలో కర్రముక్కే. తయారీదారు ఎవరైనా ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. "వెన్నలా మెత్తన, తోలులా గట్టి" అని ప్యాకెట్ మీద రాసినవాళ్లను నేను నమ్మను.

దీనికి తోడు ఉప్పు. ఎరలో ఉప్పు కలిపేది రుచి కోసమేనని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి బరువు. ఉప్పు ప్లాస్టిక్ కంటే బాగా బరువైనది కాబట్టి, సీసం గుండు కట్టకుండానే ఎర మునుగుతుంది. గ్యారీ యమమోటో కంపెనీ సెంకో చూడండి. చూడటానికి పెన్సిల్ ముక్కలా ఉంటుంది, తోక లేదు, కాళ్లు లేవు. నీళ్లలో వేసి వదిలేస్తే రెండు కొసలూ వణుకుతూ అడ్డంగా దిగుతుంది. ఆ వణుకుకే బాస్ పడిపోతుంది. ఆ వణుకు రావడానికి కారణం మెత్తదనం, ఉప్పు బరువు. కానీ ప్లాస్టిక్ లోపల ఉన్న ప్రతి ఉప్పు రవ్వా ప్లాస్టిక్ సరిగ్గా అతుక్కోని ఒక బలహీనమైన చోటు. చీలిక మొదలైతే ఆ రవ్వల వెంటే పాకుతుంది. అందుకే సెంకో ఒకటి రెండు చేపలకే అయిపోతుంది. దాని మీద అందరికీ ఉండే ఫిర్యాదు ఇదే. నా లెక్కలో అది లోపం కాదు, ఆ ఎర ఖరీదులో భాగం. చిరగని సెంకో తయారుచేస్తే అది సెంకోలా దిగదు.

రెండో కుటుంబం టీపీఈ. థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్ అని పూర్తి పేరు. జెడ్-మ్యాన్ కంపెనీ ఇలాజ్‌టెక్ పేరుతో అమ్మేది ఈ కోవకే చెందుతుంది. రెండు చేతులతో పట్టుకుని లాగితే దాని పొడవుకి ఎన్నో రెట్లు సాగి, వదలగానే యథాస్థానానికి వస్తుంది. చిన్న చేపలు కొరికినా, పైక్ గీరినా చాలావరకు తట్టుకుంటుంది. ఇంకో గుణం, ఇది నీళ్ల మీద తేలుతుంది. నెడ్ రిగ్ వాడేవాళ్లకు ఈ తేలడమే కావాలి (రిగ్ అంటే ఎరను గాలానికి అమర్చే తీరు). పుట్టగొడుగు తల ఉన్న తేలికపాటి జిగ్‌కి, అంటే బరువైన తల పోసిన గాలానికి, రెండున్నర అంగుళాల ముక్క గుచ్చి అడుగుకి దించితే, తల నేల మీద ఆనుకుని తోక పైకి లేచి నిలబడుతుంది. ఆ పద్ధతికి పేరు ఇచ్చిన కాన్సస్ వేటగాడు నెడ్ కేడీ, ఆయన తోటివాళ్లు 5 అంగుళాల ఎరను సగానికి కోసి వాడుకునేవారు. అంటే ఈ రిగ్ పుట్టుకలోనే పొదుపు ఉంది.

మరి అన్నీ టీపీఈవే కొనేస్తే పోదా? పోదు. ఉప్పు పట్టని తేలిక ఎర కాబట్టి, గుండు లేకుండా వేస్తే దూరం పడదు, సెంకోలా మునగదు. గాలం గుచ్చడం కూడా కష్టమే. ఆ పదార్థం మొనను పట్టేసుకుంటుంది, జారనివ్వదు. గాలాన్ని నీళ్లలో ముంచి గుచ్చితే కాస్త నయం. అన్నిటికంటే పెద్ద తలనొప్పి దాచుకోవడం దగ్గర. టీపీఈ ఎరను మామూలు ప్లాస్టిసాల్ ఎరతో కలిపి ఒకే డబ్బాలో వేశారనుకోండి. ప్లాస్టిసైజర్ దీంట్లోంచి దాంట్లోకి పాకుతుంది. మొదట రెండూ తాకిన చోట మెరుపు కనిపిస్తుంది, తర్వాత జిగురు, ఆ తర్వాత అంచులు పోతాయి. చివరికి ఏది పీతో ఏది పురుగో తెలియని ఒక ముద్ద డబ్బా అడుగుకి అతుక్కుని ఉంటుంది. గీకినా రాదు. అందుకని టీపీఈని అది వచ్చిన సంచిలోనే ఉంచండి. ప్లాస్టిసాల్ ఎరలకూ ఈ నియమం మంచిదే. అవి పెయింట్ వేసిన గట్టి ఎరలను తాకితే రంగు ఊడుతుంది, నల్లవాటిని తెల్లవాటితో కలిపితే తెల్లవి మాసిపోతాయి.

ఇక గాలం. బాస్ వేటలో అసలు డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే, జనం తక్కువ ఆలోచించేదీ ఇక్కడే.

గాలం మందం చూడండి. తీగ ఎంత లావైతే ముక్కులో రంధ్రం అంత పెద్దది. 4 అంగుళాల సన్నటి వానపాముకి, కలుపు మొక్కల్లోంచి పెద్ద బాస్‌ను పెరికే లావుపాటి ఫ్లిప్పింగ్ గాలం గుచ్చితే, ఒక్క చేప కూడా పడకముందే దాని ముక్కు సగం పోయినట్టే. పైగా లావు మొన చేప నోట్లో దిగాలంటే రాడ్‌ని బలంగా వెనక్కి కొట్టాలి. 6 నుంచి 10 పౌండ్ల లాగుడు తట్టుకునే సన్నటి ఫ్లోరోకార్బన్ లైన్ మీద ఆ బలం రాదు. అలాగని సన్నతీగ గాలాన్ని 50 పౌండ్ల బ్రెయిడ్‌కి, అంటే అల్లిన లైన్‌కి కడితే, లైన్ ఏమాత్రం సాగదు కాబట్టి గాలమే తెరుచుకుంటుంది. అందుకే లైన్, గాలం, ఎర మూడూ ఒకదానికొకటి సరిపోయేలా ఉండాలి.

గ్యాప్, అంటే మొనకీ కాడకీ మధ్య ఉన్న ఖాళీ, దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. చేప కొరికినప్పుడు ఎర నలిగి వంపులోకి పోగవుతుంది. ఆ పోగు గ్యాప్‌ని నింపేస్తే మొనకి దిగే చోటుండదు. చేప ఎరను కాసేపు పట్టుకుని వదిలేస్తుంది. మనం "చిన్న చేప కొట్టింది" అనుకుంటాం. సన్నటి వానపాములకు గుండ్రటి వంపు ఆఫ్‌సెట్ గాలం, అంటే మెడ దగ్గర మెట్టులా వంగినది, చాలు. పీతలు, బల్లులు, లావు పొట్ట ఎరలకు ఈడబ్ల్యూజీ అని పిలిచే వెడల్పు గ్యాప్ గాలం కావాలి. నేను పాటించే కొలత, గ్యాప్ ఎర లావుకి కనీసం రెండింతలు. గాలం సైజుల్లో చెప్పాలంటే (ఇక్కడ ముందున్న అంకె పెరిగే కొద్దీ గాలం పెద్దది) 4-5 అంగుళాల ఎరకు 3/0, 6-7 అంగుళాలకు 4/0, 10 అంగుళాల పురుగుకి 5/0 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ప్లాస్టిక్ గట్టిదైన కొద్దీ ఈ ఖాళీ మరింత కావాలి. టీపీఈ నలగదు, సాగుతుంది. మొనను దాని ఒంట్లో లోతుగా దాచేస్తే, కొట్టినప్పుడు ఎర గాలాన్ని బయటికి రానివ్వదు. గట్టి ఎర కొని చేపలు జారవిడుచుకోవడం ఇలాగే జరుగుతుంది. అలాంటి ఎరకు మొనను వీపు వైపు పూర్తిగా బయటికి తీసి, కొసను మాత్రం పైచర్మంలో తాకించి వదిలేయాలి.

టెక్సాస్ రిగ్, అంటే మొనను ఎర ఒంట్లో దాచే పద్ధతి, గుచ్చడం మీలో చాలామందికి తెలుసు, అయినా ఒకసారి నెమ్మదిగా చూద్దాం. మొనను ముక్కు సరిగ్గా నడిమధ్యలో గుచ్చి, 6 మిల్లీమీటర్లంత లోపలికి పోనిచ్చి, పొట్ట వైపు బయటికి తీయాలి. అక్కడి నుంచి ఎరను కాడ మీదుగా కన్ను దాకా జరపాలి. గాలం మెడ దగ్గర మెట్టులా వంగి ఉంటుంది కదా, ముక్కు ఆ మెట్టు మీద కూర్చోవాలి. ఇప్పుడు గాలాన్ని తిప్పి, మొన ఎర వైపు చూసేలా పెట్టి, ఎరను వదిలేయండి, దాని బరువుకి అది వేలాడనివ్వండి. వంపు అడుగు ఎక్కడ తాకుతోందో గోటితో గుర్తుపెట్టుకుని సరిగ్గా అక్కడే గుచ్చండి. ఒక్క పిసరు ముక్కు వైపు గుచ్చితే ఎర బిగుసుకుంటుంది, తోక వైపు గుచ్చితే ఉబ్బుతుంది. ఉబ్బినా బిగుసుకున్నా నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, లైన్ మెలిపడుతుంది, బరువంతా ముక్కులో ఒక పక్కనే పడి చీలుతుంది. పైన కట్టిన గుండు కూడా ప్రతి విసురుకీ జారి వచ్చి ముక్కు మీద కొడుతూ ఉంటుంది. చిన్న రబ్బరు స్టాపర్‌తో దాన్ని ఆపేస్తే ఆ దెబ్బలు సగం తగ్గుతాయి.

ముక్కు జారకుండా పాత వేటగాళ్లు చేసే చిన్న పని ఒకటి నాకు భలే ఇష్టం. లావుపాటి మోనో లైన్ (ఒంటిపోగు నైలాన్ లైన్) ముక్కను ముక్కు పక్క నుంచి గుచ్చి, లోపల దాగిన గాలం కన్నులోంచి దూర్చి, అవతలికి తీసి, రెండు కొసలూ చర్మానికి ఆనేలా కత్తిరిస్తారు. అంతే, ఇక ఎర కిందికి జారదు. దాదాపు ఖర్చు లేని పని. ఇదే పనిని కొత్త గాలాలు స్ప్రింగ్‌తో చేస్తున్నాయి. కన్ను దగ్గర చిన్న స్క్రూ స్ప్రింగ్ ఉంటుంది, ఎర ముక్కును దాంట్లోకి తిప్పి బిగించడమే. బరువు ఒక్క రంధ్రం మీద పడకుండా చుట్లన్నిటి మీదా పంచుకుంటుంది కాబట్టి మెత్తటి స్విమ్‌బెయిట్లకు, అంటే చిన్న చేప ఆకారపు ఎరలకు, ఇంతకంటే మంచిది నేను చూడలేదు. కాడ మీద ముళ్లున్న గాలాలు మాత్రం నాకు నచ్చవు. ఎర జారకుండా ఆపుతాయి, నిజమే. ఒకసారి జారాక మళ్లీ పైకి లాగితే లోపలంతా కోసేస్తాయి.

వాకీ రిగ్‌లో సంగతి వేరు. అక్కడ గాలం నడుములో దూరుతుంది, చీలేదీ అక్కడే. సెంకో నడుముకి ఓ-రింగ్ అనే చిన్న రబ్బరు ఉంగరం తొడిగి, గాలాన్ని ప్లాస్టిక్‌లో కాకుండా రింగ్ కింద నుంచి పోనివ్వండి. విసురు బలమంతా రింగ్ మోస్తుంది. ఎర ఆయుష్షు ఎన్ని రెట్లు పెరుగుతుందో మీరే చూస్తారు.

మొన పదును గురించి ఒక్క మాట. మొనను బొటనవేలి గోరు మీద తేలిగ్గా ఆనించి లాగండి. గీత పెట్టి ఆగితే మంచిది, జారిపోతే మార్చేయండి. తడి గాలాలను పొడి గాలాల పెట్టెలో వేయకండి, ఒక్కదాని తుప్పు అన్నిటికీ అంటుకుంటుంది.

చిరిగిన వాటిని ఏం చేయాలి? ముక్కు చీలిన 7 అంగుళాల పురుగుని ఒక సెంటీమీటరు కోసేసి మళ్లీ గుచ్చండి. అలా పొట్టిదైపోయి చివరికి నెడ్ రిగ్ ముక్కగా మిగులుతుంది. చీలికకు రెండు వైపులా లైటర్‌తో క్షణం వేడి తగిలించి నొక్కితే ప్లాస్టిసాల్ అతుక్కుంటుంది. కాలనివ్వకండి. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, గొంతుకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. గాలి ఆడే చోటే ఈ పని చేయండి. తోక వంకరపోయిన ఎరను కొన్ని సెకన్లు మరిగే నీళ్లలో ముంచి, చదునుగా పరిచి, చన్నీళ్లు పోస్తే నిటారుగా వస్తుంది.

ఎంత అతికించినా పనికిరానిది ఎంతో కొంత మిగులుతుంది. దాన్ని నీళ్లలోకి మాత్రం విసరకండి. అడుగున పడ్డ ముక్కలను చేపలు మింగుతాయి, అవి అరగవు, కడుపులోనే ఉండిపోతాయి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 2013లో సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలను నిషేధించాలని చట్టసభలో బిల్లు పెట్టేదాకా వెళ్లింది ఇందుకే. జేబులో ఒక ఖాళీ సంచి ఉంచుకోండి, చిరిగినవి అందులో వేసుకోండి. ప్లాస్టిసాల్‌వి విడిగా పోగేస్తే, ఇంట్లో ఎరలు పోసుకునేవాళ్లు వాటిని కరిగించి మళ్లీ అచ్చు పోసుకుంటారు. అందులో టీపీఈ ముక్క కలవకుండా చూసుకోండి.

ఈ బల్ల మీద రెండు రకాల ప్లాస్టిక్‌లు, ఐదు రకాల గాలాలు పెట్టాను. ముందుకు వచ్చి మీ చేత్తో లాగి, గుచ్చి చూడండి. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం. గాలాలు మాత్రం జాగ్రత్త, అన్నీ గోటి పరీక్ష పాసైనవే.