వానకు ముందు రాసుకునే నోటుబుక్కు

అందరికీ నమస్తే. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చిన యువజన సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంఘం అంటే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేవి గణపతి నవరాత్రులు, బతుకమ్మ లైటింగు, కబడ్డీ పోటీలు, ఆగస్టు 15న దవాఖానలో పండ్ల పంపిణీ, దాని వెనక ఇరవై మొహాల ఫ్లెక్సీ. వాటిని తప్పుపట్టడానికి నిలబడలేదు. ఒక్క కేకకు పది మంది జమ కావడం నేర్పింది అవే కదా. ఆ పది మందినే అడగండి: మీ వాడలో ఇన్సులిన్ వేసుకునే అవ్వ ఎవరింట్లో ఉంది? చెరువు మత్తడి దుంకితే మొదట ఏ ఇంట్లోకి నీళ్లొస్తాయి? ఊళ్లో ఓ నెగటివ్ రక్తం ఎవరిది? ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ పూట మాట్లాడుకునేది ఆ సంగతే: ఇవన్నీ వానకు ముందే ఇంటింటికీ రాసిపెట్టుకునే నోటుబుక్కు గురించి.

2023 జూలై చివరి వారం మీకు గుర్తే. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన పడింది. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. రెండు చదరపు మీటర్ల నులక మంచం వాకిట్లో ఉంటే దాని మీద 1,300 లీటర్లు పోసినట్టు. జూలై 27 తెల్లారేసరికి భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఏటూరునాగారం మండలంలో జంపన్నవాగు కొండాయిని ముంచింది. మోరంచపల్లికి పడవలు, హెలికాప్టర్లు వచ్చాయి. అవి వచ్చేదాకా జనం ఇండ్ల పైకెక్కి కూర్చున్నారు. ఎక్కలేనివాళ్లను ఎక్కించింది పక్కింటివాళ్లు. ఆ మొదటి మూడు నాలుగు గంటల కోసమే నోటుబుక్కు.

పెద్ద లాంగ్‌బుక్కు ఒకటి, ప్లాస్టిక్ కవరు ఒకటి చాలు. ఫోన్లో రాసుకుంటామంటారు చాలామంది. వరద రాత్రి కరెంటు ఉండదు, టవరు ఉండదు, చార్జింగు ఉండదు. కాగితం మీదే రాయండి, రెండో ప్రతి గ్రామ పంచాయతీలో పెట్టండి. ఇంటికో వరుస. ఇంటి నంబరు, ఎంతమంది ఉంటారు, నడవలేనివాళ్లు ఎవరు, రోజూ వేసుకునే మందులేవి, డయాలసిస్ ఉంటే వారంలో ఏయే రోజులు, గర్భిణి ఉంటే డాక్టరు చెప్పిన తేదీ, గొడ్లెన్ని, కొడుకో బిడ్డో హైదరాబాద్‌లోనో దుబాయిలోనో ఉంటే వాళ్ల నంబరు. ఒక్కొక్కరికి పది ఇండ్లు, అదీ సొంత గల్లీలోవే. ఊరి ఆ చివర ఉండే పిల్లగాడికి ఈ చివర ఇండ్లు అప్పగిస్తే జూన్‌లో రాసింది మళ్లీ తిరగేయడు. బుక్కులు చెడేది అక్కడే: కాన్పై పిల్లకు ఆరు నెలలొచ్చినా తల్లి గర్భిణి అనే ఉంటుంది, పోయిన తాత ఇంకా బతికే ఉంటాడు. నెలకోసారి, పింఛను పంచే వారంలో సరిచూసుకోండి. పెద్దవాళ్లు అప్పుడు ఊళ్లోనే దొరుకుతారు.

ఇంకో రెండు జాగ్రత్తలు. బుక్కులో ఉన్నది వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. క్షయ, హెచ్ఐవీ లాంటివి అసలు రాయొద్దు, అవి ఆశా దీదీ దగ్గరే ఉండాలి. మగపిల్లలే ఉన్న సంఘానికి గర్భిణుల సంగతులు సగమే తెలుస్తాయి. కోడలు గుమ్మం దగ్గర నిలబడి పక్కింటి పిల్లగాడితో నెలలెన్నో చెప్పదు. ఆడపిల్లలను సభ్యులుగా చేర్చుకోవాలనేది పేపర్లో ఫొటో కోసం చెప్తున్న మాట కాదు, ఈ పని వాళ్లు లేకుండా నడవదు.

వాన గట్టిగా పడుతుందన్న హెచ్చరిక రాగానే బుక్కు తీసి ముగ్గురిని ముందు కదిలించాలి: రెండు మూడు రోజుల్లో డయాలసిస్ ఉన్న మనిషిని, నెలలు నిండిన తల్లిని, మంచాన పడ్డవాళ్లను. వాగు దాటే దారి తెగకముందే రోడ్డు పక్క బంధువులింటికో మండల కేంద్రానికో చేర్చాలి. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు ఉంటుంది, తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వరదలో ఇల్లు మునగకున్నా దారి తెగడం వల్లనే ప్రాణం మీదికి వచ్చేది వీళ్లకు. ఇన్సులిన్ వాడేవాళ్లకు కరెంటు పోతుందని భయం వద్దు. వాడకంలో ఉన్న సీసా చల్లటి జాగాలో 28 రోజులు ఆగుతుంది. తెరవనివి మాత్రం కవర్లో కట్టి తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టాలి.

కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే రెండు వైపులా మనుషులను నిలబెట్టండి, చెట్టుకొమ్మ అడ్డం వేస్తే సరిపోదు. బండి మీద వచ్చేవాడు కొమ్మ పక్క నుంచి పోతాడు. వేగంగా పారే నీళ్లు ఆరు అంగుళాలుంటే మనిషి కాలు నిలవదు, అడుగుంటే చిన్న కారు తేలుతుంది, రెండడుగులుంటే దాదాపు ఏ బండైనా కొట్టుకుపోతుంది. లోతు మోకాలి దాకానే కదా అని దిగుతారు, కింద రోడ్డు కోసుకుపోయిన సంగతి పైకి కనబడదు. కొట్టుకుపోతున్న మనిషి కోసం ఎవరూ దూకొద్దు. మూత గట్టిగా బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యానుకు 20 మీటర్ల తాడు కట్టి ఊళ్లో రెండు మూడు చోట్ల వేలాడదీయండి. నీళ్లలో మనిషిని తేల్చడానికి నాలుగైదు కిలోల ఎత్తుడు బలం చాలు, ఆ క్యాను దాదాపు ఇరవై కిలోలు ఎత్తుతుంది. క్యాను విసరాలి, మనిషి పట్టుకున్నాక ఒడ్డు వెంబడి నడుస్తూ లాగాలి. తాడును నడుముకు కట్టుకొని దిగడం సినిమాల్లో బాగుంటుంది. నిజానికి తాడు బిగుసుకోగానే ప్రవాహం మనిషిని కిందికి నొక్కేస్తుంది. తెగిన కరెంటు తీగ కనబడితే పది మీటర్ల దూరాన ఆగి కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చేయండి.

వరద తీశాక పాములు ఇండ్లలోకి వస్తాయి. కట్లపాము కాటు నొప్పి పెద్దగా ఉండదు, నేల మీద పడుకున్న మనిషి పొద్దున కడుపునొప్పి అనో, కండ్లు మూతలు పడుతున్నాయనో లేస్తాడు. కోయొద్దు, బిగించి కట్టొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గరికి పోయి గంట పోగొట్టొద్దు. కాలికైతే కర్ర ఆనించి వదులుగా గుడ్డ చుట్టి, నడిపించకుండా, 108 వచ్చేలోపు ఆలస్యమయ్యేటట్టుంటే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పామువిషానికి మందు ఉన్న దవాఖానకు తీసుకుపోవాలి. ఏ పీహెచ్‌సీలో ఆ మందు ఉందో బుక్కు మొదటి పేజీలో ముందే రాసి ఉండాలి.

ఇక నీళ్ల సంగతి. ఇది కాస్త ఆగి చెప్పాలి, మన సంఘాలు ఉత్సాహంగా చేసి తప్పుగా చేసే పని ఇదే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నా పైపు పగిలిన వారం పది రోజులు ఊరు మళ్లీ మంచినీళ్ల బాయి మీదకే వస్తుంది. అప్పుడు ఎవరో ఒక బ్లీచింగ్ సంచి తెచ్చి గిలకరించి బాయిలో గుమ్మరిస్తారు. సున్నం అడుగుకు పోతుంది, క్లోరిన్ ఓ మూలనే ఉంటుంది, వాసన చూసి జనం ఆ నీళ్లు మానేసి కుంట నీళ్లు తాగుతారు.

ముందు కొలవాలి. బాయి అడ్డకొలతను అదే అడ్డకొలతతో గుణించండి, దాన్ని నీటి లోతుతో గుణించండి, మళ్లీ 3.14తో గుణించి నాలుగుతో భాగించండి. కొలతలన్నీ మీటర్లలో ఉండాలి. వచ్చినదాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లున్న బాయి అంటే దాదాపు 28,260 లీటర్లు. తేట నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున 70 గ్రాములు. సంచి అవసరమే లేదు, కిరాణా కొట్టు త్రాసులో తూచే పని. పౌడరు మంచిదో కాదో చూడండి. గట్టిగా మూసిన డబ్బాలో తాజా పౌడరుకు వందకు 25 నుంచి 33 వంతుల క్లోరిన్ బలం ఉంటుంది. పంచాయతీ గదిలో చెమ్మ పట్టి గడ్డకట్టినది దాదాపు ఉత్త సున్నమే.

ప్లాస్టిక్ బకెట్లో వేసి కొద్ది నీళ్లతో మజ్జిగలా కాదు, మీగడలా కలపాలి. ఒక బకెట్లో 100 గ్రాములకు మించొద్దు. తర్వాత ముప్పాతిక బకెట్ నింపి కలియబెట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. సున్నం అడుగున కూర్చుంటుంది. పైతేట ఇంకో బకెట్‌లోకి వంచుకొని, సున్నం బాయిలో పోయకుండా పారేయాలి. తేట ఉన్న బకెట్‌ను తాడుతో నీళ్ల అడుగు దాకా దించి పైకీ కిందికీ గట్టిగా ఆడించాలి, లేకుంటే మందు పైపొరలోనే ఉంటుంది. గంటసేపు ఎవరినీ తోడుకోనివ్వొద్దు. రాత్రి పడుకునేముందు చేస్తే కొట్లాట ఉండదు.

గంట తర్వాత క్లోరోస్కోపుతో, అంటే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో కొలిచే పెట్టెతో, చూడాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. దాంతోపాటు వచ్చే ఆర్థోటోలిడిన్ అనే మందు చుక్కలు వేసిన పది సెకన్లలోపు వచ్చే పసుపు రంగే సరైన లెక్క. పావుగంట తర్వాత చూస్తే రంగు ముదురుతుంది, ఆ ముదిరిన రంగు చూసి చాలామంది మోసపోతారు. లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగే రాకుంటే మురికి క్లోరిన్ మొత్తాన్ని తినేసిందని అర్థం, మళ్లీ కొంత వేసి మళ్లీ గంట ఆగాలి.

వరద నీళ్లు లోపలికి పోయిన బాయికి ఈ 70 గ్రాములు ఎటూ చాలవు. ముందు మొత్తం తోడాలి, బురద తీయాలి, ఊట వచ్చాక కొలవాలి. తోడేటప్పుడు డీజిల్ ఇంజన్‌ను బాయిలోకి దించొద్దు. దాని పొగ బాయి అడుగునే నిలబడుతుంది, తీయడానికి దిగినవాడు స్పృహ తప్పుతాడు, వాడి కోసం రెండోవాడు దిగుతాడు. ఇంజన్ గట్టు మీదే, గొట్టమే లోపలికి. బ్లీచింగ్‌ను లెట్రిన్ కడిగే యాసిడ్ పక్కన కూడా పెట్టొద్దు, రెండూ కలిస్తే విషవాయువు. బాయి బాగయ్యేదాకా ఇంటింటికి క్లోరిన్ బిళ్లలు పంచండి. అర గ్రాము బిళ్ల 20 లీటర్ల బిందెకు సరిపోతుంది. మురికి నీళ్లను ముందు మడతపెట్టిన నూలు చీరలో వడకట్టాలి. బిళ్ల వేశాక అరగంట ఆగి తాగాలని ప్రతి ఇంట్లో ఒకరికి చేసి చూపించండి, చేతికిచ్చి వస్తే డోలో బిళ్ల అనుకొని మింగేవాళ్లు కూడా ఉంటారు.

రక్తం గురించి. నాయకుడి పుట్టినరోజున శిబిరం పెట్టి ఎనభై మంది ఒకే రోజు ఇస్తే, తర్వాత మూడు నెలలు ఆ ఊళ్లో ఇవ్వగలిగినవాడు ఉండడు. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల ఎడం ఉండాలి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. అందుకే దాతలను నాలుగు జట్లుగా చేసి, నెలకో జట్టు పోవాలి. వేసవి సెలవులకు ఒక జట్టు, డెంగీ రోజులకు, అంటే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఒక జట్టు మిగిలి ఉండాలి. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలి. వాళ్లకు పుట్టినరోజు శిబిరం కంటే ఈ వరుసే ఉపయోగం. 18 ఏళ్లు నిండాలి, 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, టాటూ వేయించుకుని ఏడాది కావాలి. వరంగల్ ఎంజీఎం దవాఖాన దాకా నలుగురిని తీసుకుపోయి ముగ్గురు వెనక్కి వచ్చేది ఈ నాలుగు ముక్కలు ఊళ్లోనే అడగకపోవడం వల్ల. ఖాళీ కడుపుతో పంపొద్దు.

ఊళ్లో ఒక మనిషి పోయినప్పుడు మన సంఘాలు నిజంగా బాగా నిలబడతాయి. ఫ్రీజర్ పెట్టె చాలా ఊళ్లలో సంఘానిదే, గల్ఫ్ నుంచి కొడుకు వచ్చేదాకా అది కావాలి. దాని వైరు చూడండి. స్టీలు పెట్టె చుట్టూ ఆడవాళ్లు చేతులానించి ఏడుస్తారు, నేల తడిగా ఉంటుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల వైరు పెడితే ఇంకో చావు. మూడు పిన్నుల మందమైన వైరే వాడాలి, పెట్టె పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించాలి.

పదకొండో రోజు దాకా ఆ ఇంట్లో కాగితాల ఊసు ఎవరూ ఎత్తరు, అది న్యాయమే. కానీ మరణం 21 రోజుల్లో నమోదైతేనే ఖర్చు లేకుండా పని తేలుతుంది. 30 రోజులు దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. రైతుబీమా ఐదు లక్షలకు, 18-59 ఏళ్ల పట్టాదారు పోయినప్పుడు, ఆ పత్రమే మొదటి కాగితం. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద బీద ఇంటి పెద్ద దిక్కు పోతే ఇచ్చే 20 వేలకూ అదే. ఆధార్‌లో ‘లచ్చయ్య’, పాస్‌బుక్కులో ‘లక్ష్మయ్య’ అని ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. బతికున్నప్పుడే బుక్కులో ఈ తేడాలు గుర్తుపెట్టి సరిచేయించడం పైసా ఖర్చు లేని సేవ.

పైసల సంగతి తొందరగా చెప్తా. ఏడుగురుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇద్దరి సంతకాల బ్యాంకు ఖాతా తెరవండి, చందా ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ రాకూడదు. ఊళ్లో సంఘాలు రెండుగా చీలేది రాజకీయం వల్ల అనుకుంటాం, ఎక్కువగా ఈ ఫోన్‌పే వల్లనే. బియ్యం సంచి అందుకునే ఇంటి ఫొటో తీయొద్దు. బియ్యం ఇచ్చిన లెక్క బుక్కులో ఇంటి నంబరుతో ఉంటే సరిపోతుంది.

బయట చెట్టు కింద రెండు బకెట్లు, త్రాసు, టేపు, పౌడరు డబ్బా, క్లోరోస్కోపు పెట్టారు. ఊరికిద్దరు చొప్పున ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని రండి. గాలి ఎటు వీస్తోందో చూసుకొని, దానికి వీపు పెట్టి నిలబడి మూత తీయండి.